పాట నంబరు చూపే దీపాల పలక

మా పెద్దమ్మకు చదువు రాదు, అంకెలు మాత్రం వచ్చు. పత్తికొండ దగ్గర మా ఊరి చర్చిలో పాస్టరయ్య పాట నంబరు చెప్పడమే ఆలస్యం, పుస్తకం తెరవకుండా ఎత్తుకునేది. వందల పాటలు ఆమెకు నంబర్లతో సహా కంఠతా వచ్చు. అబ్బా, ఏం జ్ఞాపకమో! రెండేళ్ల కిందట చెవులు పూర్తిగా పోయాయి. ఒక ఆదివారం ఆయన ఒక నంబరు చెబితే ఈమె ఇంకో పాట ఎత్తుకుంది. జనం కిసుక్కుమన్నారు. అంతే, చర్చికి పోవడం మానేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

నేను కర్నూలులో కాలేజీ ల్యాబులో పనిచేస్తాను. ప్లైవుడ్ ముక్కకు ఎనిమిది వరుసలు, వరుసకు పదహారు చొప్పున రంధ్రాలు వేసి ఎల్‌ఈడీలు గుచ్చాను. అడ్డం తీగలూ నిలువు తీగలూ ఒకదానికొకటి తగలకుండా టంకం వేసేసరికి నడుము పడిపోయింది. మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకసారికి ఒక్క వరుసనే వెలిగిస్తూ చకచకా వరుసలన్నీ చుట్టేస్తుంది. ఆ వేగానికి మన కంటికి అంకె మొత్తం నిలబడినట్టే కనిపిస్తుంది. ఫోన్‌లో నంబరు నొక్కితే చాలు, పలక మీద వెలుగుతుంది.

ఆదివారం పలకను చర్చిలో ఎదురు గోడకు తగిలించి, సైగలతో బతిమాలి పెద్దమ్మను తీసుకుపోయాను.

"మల్లా నలుగుర్లో నగుబాటయితే ఈ గడప తొక్కను పాపా" అంటూనే ముందు చాప మీద కూర్చుంది.

పాస్టరయ్య తన పొడుగాటి ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మహా తెలివిగలదాన్ని కదా, సిద్ధంగా ఉంచుదామని ఆయన ముందే ఇచ్చిన చీటీ చూసి 231 నొక్కేశాను. ఆమేన్ వినపడని మనిషి కళ్లెలా మూసుకుంటుంది? పలకనే చూస్తూ ఉంది. నంబరు వెలగగానే లేచి గొంతెత్తి పాడేసింది.

ఎవరైనా నవ్వితే ఇక ఆమె రాదు. పాస్టరయ్య కళ్లు తెరిచి పలకను చూశాడు, ఆమెను చూశాడు. ప్రార్థన సగంలో వదిలేసి పాట అందుకున్నాడు. ఆడవాళ్లు అందుకున్నారు, తర్వాత మగవాళ్లు. ఒక్కరూ నవ్వలేదు. శ్రుతి కాస్త అటూ ఇటూ అయితే చర్చి అంతా ఆమె శ్రుతికే వచ్చింది. ఎంత మంచివాళ్లు! నాకు ఏడుపు ఆగలేదు.

బయట చెప్పులు వేసుకుంటూ పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"దీపాలు శానా బాగుండాయి పాపా. పాస్టరయ్య గూడా మారినాడే! ఈ పొద్దు ప్రార్థన ఎంత తొందరగా ముగించినాడు!"

అవునని తల ఊపాను.