గాలిమర చాటున నాయిన

మక్తల్ దగ్గర గాలిమరల కంట్రోల్ రూములో నా ఉద్యోగం. ఓ సాయంత్రం ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. తెరమీద గుట్టమీది మర రెక్కల వేగం పెరిగిపోతోంది. అప్పుడే నాయిన ఫోన్ చేశాడు. గొర్రెలతో సహా ఆ మర కిందే నిలబడ్డాడట.

"బిడ్డా, కంబానికి ఆనుకున్న. వీపు అదురుతాంది."

"దూరం పో నాయినా!"

"గొర్లను యాడికి తోలాలె? గీ చాటు తప్ప జాగా లేదు."

కరెంటు తగ్గితే తగ్గనీ అని వేగం పరిమితిని బాగా దించేశాను. రెక్కలు గాలికి అంచు తిప్పుకొని నెమ్మదించాయి. 

"అదురు తగ్గింది" అన్నాడు. తలెత్తి చూసినట్టున్నాడు. "గింత మంచి గాలొస్తే మెల్లగ తిప్పుతరా? గంత భయమేందే మీకు?"

"కింద నువ్వున్నవ్ గద!" అని అరిచాను.