కొత్త కంప్యూటర్‌లో రెండో గాడి

తెలంగాణ రాష్ట్రం వచ్చి మూడేళ్ళు నిండుతున్న ఎండాకాలం అది. నల్లగొండ వైపు ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో హార్డ్‌వేర్ ల్యాబ్‌కు నేను సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌ని. మా ప్రిన్సిపాల్ పిలిచి, మర్రిగూడ దారిలో ఒక చేనేత సహకార సంఘం కొత్త కంప్యూటర్ కొన్నదనీ, దాన్ని పరీక్షించి ఇన్‌స్టలేషన్ రిపోర్టు మీద సంతకం పెట్టి రమ్మనీ చెప్పారు. ప్రభుత్వ సాయంతో కొన్న యంత్రం పనిచేస్తున్నదని బయటి సాంకేతిక ఉద్యోగి ఒకరు ధ్రువీకరించాలి. "చిన్న పనే, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తారు" అన్నారు. చిన్న పని అని చెప్పి పంపిన ఏ పనీ నా సర్వీసులో చిన్నగా ముగియలేదు.

వెళ్ళేసరికి అక్కడ పంచాయితీ నడుస్తోంది. బల్లకు ఒక వైపు సంఘం కార్యదర్శి, పాలకవర్గం పెద్దలు; ఇంకో వైపు కంప్యూటర్ అమ్మిన దుకాణం యజమాని. గోడ దగ్గర నిలబెట్టిన మనిషి పేరు అనిత. నేత కుటుంబం కోడలు, డిజైన్లు గీయడం నేర్చుకుని సంఘంలో తాత్కాలికంగా చేరింది. ఇక్కత్ చీరకు నూలు మీద చిటికి అనే ముడులు కట్టి రంగు అద్దకముందే బొమ్మ అంతా గళ్ళ కాగితం మీద తయారు కావాలి. ఆ గళ్ళు ఆమె కంప్యూటర్ మీద గీస్తుంది. వచ్చిన నాటి నుంచి ఆ కంప్యూటర్ నీలం తెర వేసి ఆగిపోతోంది. దాచిన డిజైన్ మళ్ళీ తెరుచుకోవడం లేదు. పెళ్ళిళ్ళ రోజులు దగ్గర పడ్డాయి, మగ్గాలు ఖాళీగా ఉన్నాయి. ఆ కోపమంతా ఆమె మీద పడింది.

"మిషన్ కొత్తది మేడం. నేను ఉత్తరాలు టైపు జేస్తే ఎన్నడన్న ఆగిందా? గీ పిల్ల ముట్టుకుంటనే ఆగుతాంది, చెయ్యి మంచిది కాదు" అన్నారు కార్యదర్శి. ఆమెను తీసేసి వేరే మనిషిని పెట్టుకోవాలని అప్పటికే మాట్లాడుకున్నారు. నా సంతకం పడితే యంత్రం మంచిదని తేలుతుంది, తప్పు ఆమెదని దానంతట అదే రుజువవుతుంది. నన్ను పిలిచింది కంప్యూటర్ కోసం కాదని అర్థమై నాకు ఒళ్ళు మండింది.

పరీక్షించకుండా సంతకం పెట్టనన్నాను. కార్యదర్శి మా ప్రిన్సిపాల్‌కు ఫోన్ కలిపి నా చేతికిచ్చారు. జర సర్దుకుపొమ్మని ఆయన సలహా. "సంతకం నాది సార్, సర్దుకోవడానికి అది కుర్చీ కాదు" అని ఫోన్ తిరిగి ఇచ్చేశాను. దుకాణం యజమాని నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది.

కార్యదర్శి మాటలోనే నాకు దారి దొరికింది. ఉత్తరానికి కంప్యూటర్ మెమరీలో కొంచెం చోటు చాలు. చీర డిజైన్ తెరిస్తే దాదాపు అంతా నిండుతుంది. ఇల్లంతా చుట్టాలు దిగితే గాని ఏ మూల కురుస్తుందో తెలియదు. కొత్తగా బిగించిన కంప్యూటర్ పెద్ద పనికి మాత్రమే ఆగిపోతుంటే మొదట అనుమానించాల్సింది మెమరీనే.

మెమరీ అంటే జానెడుకు కాస్త తక్కువ పొడుగున్న పట్టీలు. మదర్‌బోర్డు మీద గాడుల్లో నొక్కి పెడతారు. ఈ యంత్రంలో రెండు గాడులు, రెండు పట్టీలు. విండోస్‌తో పని లేకుండా పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ఒక పరీక్ష ఉంది. మెమరీలో ప్రతి చోటా ఏదో రాసి, తిరిగి చదివి, రెండూ ఒకటేనా అని చూస్తుంది. తేడా వస్తే ఎర్ర గీత పడుతుంది. పెట్టగానే తెర నిండా ఎర్ర గీతలు. పెద్దలు బల్ల దాటి వచ్చి చూశారు.

"పట్టీ ఖరాబైనట్టుంది, మార్చి ఇస్త" అన్నాడు యజమాని తేలిగ్గా. అది కూడా పరీక్షిద్దామన్నాను. కరెంటు తీసి పట్టీలు రెండూ ఊడదీశాను. వాటి అంచున గాడికి ఆనే బంగారు రంగు కాంటాక్టులుంటాయి, వాటిని పెన్సిల్ రబ్బరుతో తుడవడం మాలో అలవాటు. ఒక పట్టీ తుడిచినప్పుడు రబ్బరుకు పసుపు అంటింది. రబ్బరు పక్కన పెట్టి పని సాగించాను. అనుమానాన్ని సాక్ష్యంగా చెప్పడం నాకు చేతకాదు.

మొదటి గాడిలో ఒక పట్టీ పెట్టి నడిపాను. ఒక్క ఎర్ర గీత లేదు. అదే గాడిలో రెండో పట్టీ పెట్టాను. అదీ శుభ్రంగా నడిచింది. యజమానికి ప్రాణం లేచి వచ్చింది. "చూసిండ్రా? నా ముక్కలన్ని మంచియే. చెప్తనే ఉన్న, తప్పు చేతులల్ల ఉన్నది" అన్నాడు. అనిత తల దించుకోలేదు. "ఇంకో గాడి ఉన్నది గద మేడం, అదెందుకు సూస్తలేరు?" అని అడిగింది. అక్కడికే వస్తున్నానన్నాను.

రెండో గాడిలో ఏ పట్టీ పెట్టినా ఎర్ర గీతలే. లోపం పట్టీ వెంట పోతే పట్టీది, గాడినే పట్టుకుని ఉంటే గాడిది. టార్చి వేసి చూస్తే గాడి అడుగున పసుపు, కుంకుమ కలిసి గట్టిపడి ఉన్నాయి.

అప్పుడు వాళ్ళ మాటల్లోనే బయటపడింది సంగతి. మోసం జరగకుండా ముక్కలన్నీ సంఘం కార్యాలయంలోనే సీలు విప్పి బిగించాలని కార్యదర్శి షరతు పెట్టారు. మంచిరోజు చూసి కొబ్బరికాయ కొట్టారు. దీనికి ప్రాణం ఎక్కడుంటుందని కార్యదర్శి అడిగితే, యజమాని మెమరీ పట్టీ చేతికిచ్చి, అన్నీ గుర్తుపెట్టుకునేది ఇదేనన్నాడు. ఆయన మెరుస్తున్న అంచు చూసి, అక్కడే తడి పసుపు, దాని మీద కుంకుమ పెట్టారు. తుడిస్తే కార్యదర్శి మనసు నొచ్చుకుంటుందని యజమాని అలాగే గాడిలోకి నొక్కేశాడు. కార్యదర్శికి తెలియదు. యజమానికి తెలుసు. తెలిసీ ఇన్నాళ్ళూ ఒక ఆడమనిషి మాట పడుతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు నాకొచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలని కూడా నేను కోరుకోవడం లేదు.

"ఏంది మేడం, బొట్టు పెట్టుడు తప్పంటవా?" అని కార్యదర్శి లేచారు. మా ఇంట్లోనూ దసరాకు కంప్యూటర్‌కు బొట్టు పెడతామని చెప్పాను. "కాని సార్, దేవునికైన నుదుట పెడతం, కంట్ల పెట్టం" అన్నాను. ఒక పెద్దాయన ఫక్కున నవ్వాడు. కార్యదర్శి కూర్చున్నారు.

గాడిలో తడి చేరింది కాబట్టి శుభ్రం చేసినా నమ్మలేం, మదర్‌బోర్డు మార్చి మళ్ళీ పరీక్ష పెడితేనే సంతకమని చెప్పాను. యజమాని ఒప్పుకున్నాడు. సాంకేతిక కారణాల వల్ల ఆలస్యమైందని రాస్తే చాలదా అని కార్యదర్శి మెల్లగా అడిగారు. చాలదన్నాను. ఆపరేటర్ తప్పు లేదన్న మాటే రిపోర్టులో మొదటి వాక్యంగా రాశాను.

ఇక అయిపోయిందని అందరూ లేవబోయారు. అనిత తలుపుకు అడ్డంగా నిలబడింది. "కాక, అందరి ముందట నా చెయ్యి మంచిది కాదంటివి. రాసుడు మేడం రాసింది. చెప్పుడు నువ్వు చెప్పాలె, గీ అందరి ముందటనే" అంది. గొంతు పెంచలేదు. కార్యదర్శి ఆమె వైపు తిరిగారు. తప్పు నాది బిడ్డా, నీ చెయ్యి మంచిదే అన్నారు. అప్పుడే ఆమె పక్కకు జరిగింది.

బోర్డు మార్చాక మళ్ళీ వెళ్ళి, రెండు గాడుల్లోనూ పరీక్ష పెట్టి సంతకం చేశాను. ఆమె గీసిన డిజైన్ మగ్గాలెక్కింది. ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఏ ఆఫీసుకు వెళ్ళినా, యంత్రం విప్పి చూడకముందు మనిషి మీద ఇచ్చిన ఫిర్యాదు నేను చదవలేదు.