స్క్రిప్టు లేని రోజు

వినడం నేర్పమని జీతమిస్తే, మూడేళ్లపాటు చూడటం నేర్పాను. 2011లో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ఇంగ్లిష్ కోచింగ్ సెంటర్లో నా పని ‘లిజనింగ్’ చెప్పడం. అంటే రికార్డింగ్ వినిపించి, ప్రశ్నలకు జవాబులు రాయించడం. అందులోని సంభాషణంతా స్వయంగా టైపు చేసి, జిరాక్సు తీయించి, ‘స్క్రిప్టు’ పేరుతో ముందే చేతికిచ్చేవాణ్ని. కాగితం చూస్తూ అందరూ తలలూపేవారు. అర్థమవుతోందనుకుని నేనూ ఊపేవాణ్ని.

మరియమ్మ ఎల్బీ నగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. ఇంగ్లిష్ పరీక్ష పాసైతే విదేశీ రోగుల వార్డులో పర్మనెంటు ఉద్యోగమన్నారట. లిజనింగ్‌లోనే రెండుసార్లు తప్పింది. మూడోదే ఆఖరి అవకాశం. నా క్లాసులో మాత్రం ఆమె జవాబులన్నీ ఒప్పే. పరీక్షలో కంగారు పడుతున్నావని తేల్చేశాను.

పరీక్షకు పది రోజులుందనగా తెలంగాణ బంద్. బస్సుల్లేవు, జిరాక్సు షాపు లేదు, కాబట్టి స్క్రిప్టూ లేదు. కొత్తపేట మీదుగా నడిచి ఆమె ఒక్కతే వచ్చింది. క్లాసు దండగ, ఇంటికి వెళ్లమన్నాను.

“కాయితం లేకుంటే ఏమాయె సార్? మా హ్యాండోవర్‌ల కాయితం చూసుకుంట వింటమా?”

హ్యాండోవర్ అంటే డ్యూటీ దిగే నర్సు, ఎక్కే నర్సుకు రోగుల సంగతి అప్పజెప్పడం. వచ్చినామె విన్నది మళ్లీ ఒప్పజెప్పాలి. పొరపడితే మందు మారిపోతుంది.

“ఏమేం తెల్వాల్నో ముందే మనసుల పెట్టుకుంట సార్. జ్వరమెంత, సూది ఎప్పుడు, తిన్నడా లేదా. గవి చెవిల పడితే చాలు.”

ప్రశ్నలు మాత్రం చదవమని, ఆమె వినని రికార్డింగ్ ఒక్కసారి పెట్టాను. కింద రోడ్డు ‘జై తెలంగాణ’ అని మోగిపోతోంది. ఆమె కళ్లు మూసుకుంది. అయ్యాక, ముగ్గురు మాట్లాడుకున్నదంతా తెలుగులో వరసగా అప్పజెప్పింది. ఎవరెందుకొచ్చారో, ఎవరు మధ్యలో మాట మార్చారో, చివరికి ఏ రోజు ఖాయమైందో. ఆ సంభాషణ టైపు చేసింది నేనే. ఒకతను మాట మార్చాడని నాకు ఆ రోజే తెలిసింది.

“మరి క్లాసులో ఇలా ఎందుకు వినలేదమ్మా?”

“మీరు కాయితమిస్తిరి గద సార్. అది చదువుకుంట కూసున్న.”

మిగతా రోజులన్నీ అదే వరస: ముందు ప్రశ్నలు, తర్వాత వినడం, ఆపైన అప్పజెప్పడం. ఏం కావాలో తెలిసిన చెవికి ఎంత గోలైనా అడ్డు కాదని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. పరీక్ష పాసై వార్డులో చేరింది.

నా స్క్రిప్టులే గెలిపించాయని నమ్మిన మా యజమాని, వాటిని కట్టలకొద్దీ అచ్చు వేయించి, ప్రతి క్లాసులో పంచి తీరాలన్నాడు. పంచాను. అన్నీ బోర్లా పెట్టించి, వెనకున్న తెల్లటి వైపు జవాబులు రాయించాను. ఆయన గుమ్మంలోంచి తొంగి చూసి, మెటీరియల్ భలే వాడిస్తున్నారండీ అని మెచ్చుకున్నాడు.