పంపకాల్లోకి రాని పేరు

మా అన్నకూ నాకూ మాటల్లేవు. పొలం గట్టు గురించి కాదు, వెబ్‌సైటు పేరు గురించి. చెబితే కొందరు నవ్వుతారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మంట.

బోధన్ దగ్గర మాకు చెరకు సాగు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక సొంతంగా బెల్లం వండి అమ్మడం మొదలుపెట్టాం. గానుగ అన్న చూసేవాడు, నిజామాబాద్‌లో దుకాణం నేను చూసేవాణ్ణి. నాందేడ్, పుణె వ్యాపారులు మెయిల్‌లో ఆర్డర్లు పంపేవారు. వెబ్‌సైటుకు నాయనమ్మ పేరు పెట్టుకున్నాం. ఇంటికి పెద్దవాడు కదా అని ఆ పేరును అన్న ఫోన్ నంబరు మీదే రిజిస్టర్ చేయించాను.

మిగతాదంతా నా పని. పేరు అమ్మిన కంపెనీ సర్వర్లు మాటిమాటికీ మొరాయిస్తుంటే, డీఎన్ఎస్ ఒక్కటే చూసే వేరే సర్వీసులో నా పేర ఖాతా తెరిచాను. మా పేరు ఎవరు కొట్టినా వివరం ఎక్కడ అడగాలో చూపేవి నేమ్‌సర్వర్లు; అన్న ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అడిగి తీసుకుని, వాళ్లిచ్చిన రెండింటిని అన్న ఖాతాలో పాతవాటి స్థానంలో పెట్టాను. అప్పటినుంచి సైటు ఎక్కడుందో, మెయిల్ ఎక్కడికి చేరాలో లోకానికి చెప్పేది ఆ సర్వీసులో నేను రాసిన రికార్డులే.

అన్న బెల్లంలో చక్కెర కలుపుతున్నాడని గిరాకీవాళ్లు నా మొహం మీద అన్నప్పుడు మా పొత్తు తెగింది. రుద్రూర్ నుంచి మామ వచ్చి పంపకాలు చేశాడు. గానుగ అన్నకు, దుకాణం నాకు. నిజాంసాగర్ కాలువ కింది భూమి చెరిసగం. వెబ్‌సైటు సంగతి నేనే ఎత్తాను.

"పేరుల ఏమున్నదిరా? ఇద్దరు వాడుకోండ్రి," అన్నాడు మామ. అన్న తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. దాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను.

కొన్నాళ్లకు ఒక పొద్దున నాందేడ్ వ్యాపారి ఫోన్ చేశాడు. పంపిన మెయిల్ తిరిగొస్తోందట. నా ఫోన్‌లో సైటు మామూలుగానే కనిపించింది. పక్క దుకాణం ఫోన్‌లో మాత్రం ఖాళీ పేజీ, దాని మీద ఎవరివో ప్రకటనలు. ఇలాంటి మార్పు అన్ని ఫోన్లకూ ఒకేసారి చేరదు; మధ్యాహ్నానికి నా ఫోన్‌లోనూ అదే పేజీ. డీఎన్ఎస్ ఖాతా తెరిచి చూశాను. రికార్డులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటిని అడిగే దిక్కే లేదు. నేమ్‌సర్వర్లు మారిపోయాయి. వాటిని మార్చగలిగేది ఒక్కడే.

బండి తీసుకుని గానుగ దగ్గరికి పోయాను. అన్న పెనం పక్కన నిలబడి, మరిగే రసం మీద తేలిన మడ్డి తీయిస్తున్నాడు.

"నేమ్‌సర్వర్లు నువ్వే తీసినవా?"

"తీసిన. పేరు నా నంబర్ మీదున్నది. ఏం జేస్తవ్?"

"మెయిల్ బందయింది. నీ గిరాకీ గూడ పోతది గదనే!"

"పోనీ. నా బెల్లం మంచిది గాదని ఊరంత చెప్పినవ్ గద. నా పేరుతోని నువ్వెందుకు అమ్ముతవ్?"

"నీ పేరా? నాయనమ్మది!"

"నడువ్ ఇగ," అని పెనం వైపు తిరిగాడు. అక్కడే ఉంటే చేయి చేసుకునేవాణ్ణి. వచ్చేశాను.

మామకు చెబితే, "గా సర్వర్లు గిట్ల నాకు తెల్వదు బిడ్డా" అని తప్పుకున్నాడు. నేను కొత్త పేరు కొన్నాను, నా నంబరు మీద. రికార్డులన్నీ దానికి మళ్లీ రాసుకున్నాను. వ్యాపారులకు పేరుపేరునా ఫోన్ చేసి కొత్త అడ్రసు చెప్పాను. నాందేడ్ వాళ్లు నిలబడ్డారు. పుణె వాళ్లు మళ్లీ రాలేదు.

ఆ తర్వాత మోర్తాడ్‌లో చుట్టాల పెళ్లికి పోతే, చేతులు కడుక్కునే చోట అన్న నా పక్కకు వచ్చాడు.

"తమ్మీ, పాత గిరాకోళ్లు ఇంక గా మెయిల్‌కే రాస్తుండ్రట. గా రెండు సర్వర్ల పేర్లు చెప్పు, మళ్ల పెడ్త. వచ్చిన ఆర్డర్లు చెరిసగం."

"పేరు నా ఖాతాల వెయ్యి, చెప్త."

"పేరియ్య."

"అయితే నేను చెప్ప."

తడి చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు మాకేదో భూమి తగాదా అనుకున్నారు.

ఇప్పటికీ ఆ పేరు కొడితే ఖాళీ పేజీయే. దానితో వాడికి ఏ పనీ లేదు. అయినా నాకు దక్కకూడదని ఏటా రెన్యువల్ చేయిస్తాడు. గడువు దగ్గరపడ్డప్పుడు నేనూ రోజూ చూస్తుంటాను, ఈసారైనా మరిచిపోతే ఆ పేరు నేను కొనుక్కోవచ్చని.