వడ్లలో వంకర చాలు

రోడ్డు ప్రభుత్వానిదే కావచ్చు, కోతల నెలలో మాత్రం మాది. ఇందుకూరుపేట వైపు ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. కోత మిషన్ పచ్చి వడ్లు తెచ్చి కుమ్మరించి పోతుంది. తేమ ఉందంటే కొనేవాడు మూతి తిప్పుకుంటాడు. మిద్దె మీద పోస్తే నాలుగు బస్తాలు పడతాయి. మిగిలినవి ఎక్కడ ఆరబోయాలి? నున్నటి తారు రోడ్డు మధ్యాహ్నానికల్లా పెనంలా కాలుతూ ఇంటి ముందే ఉంటే ఇంకోచోటు వెతకడం తెలివితక్కువతనం. అందుకే సగం రోడ్డు వడ్లకు, సగం బండ్లకు. మధ్యలో హద్దుగా రాళ్లు.

ఆ ఏడు ఆ రాళ్లు పేర్చింది నేనే. "సగం దాటబాక అబ్బయా" అని మా పెద్దమ్మ ముందే హెచ్చరించింది. వడ్లు ఆమెవి, చాకిరీ నాది. ఆమె అటు తిరిగినప్పుడు ఒక రాయిని మూరెడు అవతలికి జరిపాను. బండ్లు ఇంకాస్త దూరంగా పోతాయి, నేను మాటిమాటికీ లేచి అరవక్కర్లేదు అనేది నా ఆలోచన. సోమరిపోతులకు వచ్చే ఆలోచనలన్నీ ఇలాగే తెలివిగా ఉంటాయి.

మధ్యాహ్నం మూడు దాటింది. పెద్దమ్మ వడ్లు తిరగేస్తోంది. పక్క రాశి వరసకు మాకు మామ అయ్యే ఒక రైతుది, ఆయన గోతాం పరుచుకుని కూర్చున్నాడు. నేను కాలవ గట్టు మీద తుమ్మచెట్టు నీడలో ఫోను చూసుకుంటున్నాను. నెల్లూరు వైపు నుంచి ఒక బైకు వచ్చింది. నడిపేవాడికి పాతికేళ్లుంటాయి. వెనక సీటు మీద రబ్బరు ట్యూబుతో బిగించి కట్టిన మోటారు. హెల్మెట్ పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకున్నాడు. మా వైపు తలకాయకన్నా ట్యాంకుకే రక్షణ ఎక్కువ.

ఎదురుగా ఆటో వచ్చింది. అతను పక్కకు తప్పుకున్నాడు. ముందు చక్రం నేను జరిపిన రాయినే వెతుక్కున్నట్టు వచ్చి తగిలింది. బండి వడ్లలో జారి పడుకుంది, అతను రెండు బారలు అవతల పడ్డాడు. ఆటోవాడు ఆగలేదు.

మేం చేరేలోపే లేచి నిలబడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది, జుట్టులో వడ్లగింజలు. నవ్వుతున్నాడు. "ఏం కాలా, ఏం కాలా. నాకేం కాలా" అన్నాడు. "అబ్బయా, వడ్లు తొక్కబాక" అన్నాడు మామ. మనిషి బతికున్నాడని తేలిపోయింది కాబట్టి వడ్ల సంగతి చూసుకోవద్దా మరి.

పడినవాడు తనంతట తాను "ఏం కాలా" అంటే చుట్టూ ఉన్నవాళ్లకు ఎంత హాయిగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. అతనే జడ్జి, అతనే తీర్పు చెప్పేశాడు, మేమంతా నిర్దోషులం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకాన్ని నేను. ఎవరూ ఏమీ అడగకముందే ఆ రాయిని కాలితో దొర్లించి కాలవలోకి తోశాను. తరువాత బైకు లేపి, ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి, వంకర పోయిన హ్యాండిల్‌ను బలంగా తిప్పి సరిచేశాను. జీవితంలో నేనెవరికీ అంత చురుగ్గా సాయం చెయ్యలేదు. ఎంత తొందరగా బండి కదిలితే అంత తొందరగా నా తప్పు కూడా దానితోపాటు ఊరు దాటుతుంది.

అతనికీ తొందరగానే ఉంది. మోటార్లు బాగుచేసే పని అతనిది. మైపాడు దగ్గర ఒక రొయ్యల గుంటలో నీళ్లు చిలికే చక్రాల మోటారు కాలిపోతే కొత్తగా రాగి తీగ చుట్టి తీసుకెళుతున్నాడు. "చీకటి పడేలోపల బిగియ్యాలన్నా. లేకుంటే గాలందక తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలిపోతాయి. గుంటాయన నన్ను నమ్ముకోనుండాడు" అన్నాడు.

"బాగానే ఉండాడు గదా, పోనీండి" అన్నాడు మామ. నేను ఆ మాటకు తల ఊపాను.

అతను బండెక్కి, వచ్చిన దారికే తిప్పి నిలబెట్టాడు. మొహం నెల్లూరు వైపు. "అన్నా, మైపాడుకి ఇట్ట నేరుగానే గదా?" అని అడిగాడు.

మామకు వినబడింది. నాకూ వినబడింది. ఇద్దరం కాలవ వైపు చూశాం. పెద్దమ్మ మాత్రం గబగబా వచ్చి, బండి తాళం లాగి, బొడ్లో దోపుకుంది. "మైపాడు నీ ఈపు కాడుంది నాయనా. దిగు" అంది.

అతనికి కోపం వచ్చింది. "నా బండి తాళం తీసేదానికి నువ్వెవరమ్మా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. పెద్దవాడు, తాగలేదు, బండి అతనిది, ప్రాణం అతనిది. "పరాయోడి తాళం తీసుకుంటే కేసైతాది మే" అని మామ చట్టం మాట్లాడాడు. ఆయన అర్ధరోడ్డు వడ్లు పోసుకుని చట్టం మాట్లాడుతుంటే నాకు నవ్వు రావాలి. రాలేదు. "ఇచ్చెయ్ పెద్దమ్మా, ఆయనకి టైమైపోతా ఉంది" అన్నాను నేను.

పెద్దమ్మ నా మొహంలోకి ఒకసారి చూసి అతని వైపు తిరిగింది. "నీకేం కాలేదు గదా? అయితే ఈ వడ్లలో ఆ కొసదాకా ఒక్క చాలు తీసుకోని రా. చాలు తిన్నగా వస్తే తాళం ఇచ్చేస్తా. రొయ్యల కాడికి పొయ్యేది నీ ఇష్టం."

ఆరబోసిన వడ్లను మేం కాళ్లతోనే తిరగేస్తాం. పాదాలు ఎత్తకుండా వడ్లలో ఈడ్చుకుంటూ నడిస్తే వెనక నాగలి పోయినట్టు గీత పడుతుంది, దాన్నే చాలు అంటాం, కింది గింజ పైకి వస్తుంది. ఐదేళ్ల పిల్లలు కూడా చేసే పని అది. అతను నవ్వాడు. "నేనూ వరి ఇంట్లో పుట్టినోణ్ణే పెద్దమ్మా" అని చెప్పులు విడిచి దిగాడు.

మొదటి పది అడుగులు చక్కగా వేశాడు. నేను లోలోపల దేవుడికి దండం పెట్టుకున్నాను, అది అతని కోసం కాదు. తరువాత చాలు కుడికి వంగింది. అతను మాత్రం తిన్నగా పోతున్నాననే ధీమాతో తల ఎత్తుకుని నడుస్తున్నాడు. వడ్ల అంచు దాటి తారు మీదికి వచ్చాడు. కింద వడ్లు లేవు, అయినా పాదాలు ఈడుస్తూనే ఉన్నాడు. ఆ ఎండకు ఆ తారు మీద ఒట్టి కాళ్లతో నిలబడితే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. అతనికి అది కూడా తెలియడం లేదు. కాలవ గట్టు మీద ఇంకొక్క అడుగు వేసేలోపు మామ పరిగెత్తి రెక్క పట్టుకున్నాడు.

వెనక్కి తిప్పి చూపించాం. అతను ఆ గీతను కొసనుంచి మొదటిదాకా చూశాడు. "ఇది నేను తీసిందేనా?" అని చాలా మెల్లగా అడిగాడు. తరువాత అక్కడే చతికిలబడి వాంతి చేసుకున్నాడు. ఇక తాళం మాట ఎత్తలేదు. "మోటారు" అని మాత్రం రెండుసార్లు అన్నాడు.

మామ అతన్ని ఆటోలో వేసుకుని నెల్లూరు ఆస్పత్రికి పోయాడు. మోటారు పని నాకు పడింది. అతని ఫోనులో దొరికిన గుంటాయన నంబరుకు చేసి దారి కనుక్కుని, నా బండికి కట్టుకుని బయలుదేరాను. ఊరు దాటాక కాలవ మీద ఇరుకు వంతెన ఒకటుంది, పిట్టగోడ సగం పడిపోయి ఉంటుంది. ఎన్నో వందల సార్లు దాటాను దాన్ని. ఆ రోజు దాని ముందు బండి ఆపేశాను. అతనికి మేం దారి చూపించి పంపించి ఉంటే ఇక్కడిదాకా వచ్చేవాడు, ఇక్కడ కుడికి వంగేవాడు. పంపించడానికి హ్యాండిల్ కూడా సరిచేసి పెట్టింది నేను. సిగ్గుతో, భయంతో నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడలేదు కాబట్టి ఏడ్చాను. మోటారు మాత్రం పొద్దుండగానే గుంటకు చేరింది, అక్కడివాళ్లే బిగించుకున్నారు.

తలలో కొంచెం రక్తం గడ్డకట్టిందని, సమయానికి తీసుకొచ్చారని డాక్టరు చెప్పాడట. కొన్నాళ్లు ఉంచుకుని ఇంటికి పంపారు. ఎలా పడ్డాడని ఇంటివాళ్లు అడిగితే ఏం చెప్పాలని మామ ఆస్పత్రి నుంచి ఫోను చేశాడు. "కుక్క అడ్డమొచ్చింది మామా" అన్నాను. మా వీధి ఎర్ర కుక్క ఆ సమయంలో పెద్దమ్మ అరుగు కింద నిద్రపోతోంది.

నెల తరువాత అతనే వచ్చాడు. బస్సు దిగి, సంచి నిండా రొయ్యలతో. గుంటాయన పంపించాడట. పడిన రోజు సంగతులు పెద్దగా గుర్తులేవన్నాడు. రాయి గుర్తులేదు, చాలు గుర్తులేదు. "నువ్వు హ్యాండిల్ సరిచేసింది మాత్రం కండ్లకు కట్టినట్టుండాదన్నా. నీ మేలు మర్చిపోను" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. తాళం లాక్కున్న పెద్దమ్మకు ఒక నమస్కారం, నాకు కన్నీళ్లు. "కుక్క అడ్డమొచ్చిందంట గదన్నా?" అని అడిగాడు.

"అవును తమ్ముడూ. ఎర్రది" అన్నాను. అబద్ధానికి రంగు కూడా వేశాను.

అతను వెళ్లాక పెద్దమ్మ రొయ్యల కూర వండింది. వాసనకు వీధి వీధంతా ముక్కులెగరేసింది. నేను పీట వేసుకుని కూర్చున్నాను. ఆమె ఆకులో వేడన్నం పెట్టి, గరిటె నిండా కూర వేసి, నన్ను దాటుకుని పోయి అరుగు కింద కుక్క ముందు పెట్టింది.

"నింద మోసింది గదా. తిననీ" అంది. నా కంచంలో చారు పోసింది. "రాయి కాలవలో పడిన చప్పుడు నాకినపళ్లేదనుకున్నావా?"

కంచం పక్కకు జరిపాను. చెయ్యి కడుక్కుని బయటికి వచ్చి అతనికి ఫోను చేశాను. కుక్క లేదని, రాయి నాదని, మూరెడు నేనే జరిపానని, అతన్ని ఎలాగైనా పంపించెయ్యాలని చూశానని అంతా చెప్పేశాను. తిడతాడని కాచుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇంటికొచ్చినప్పట్నించి," అన్నాడు అతను, "ఎర్ర కుక్క కనపడినప్పుడల్లా రాయి తీసి కొడతా ఉండానే అన్నా."