అన్నయ్య ఎత్తిన చెయ్యి

ఎనభైల మధ్యలో మాట. జెర్సీ సిటీలో అన్నయ్య ఇంట్లో ఉంటూ హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. ఆదివారాలు తెలుగు ప్రార్థన ఆ ఇంట్లోనే జరిగేది.

నేను ఇష్టపడ్డ యూసఫ్‌ది లెబనాన్. వాళ్ళమ్మకి అమెరికా వీసా రాలేదు. మా మతాలు వేరు, లెబనాన్‌లో మతపెద్దలు చేసే పెళ్ళే తప్ప రిజిస్టర్ పెళ్ళి లేదు. అందుకని ఆవిడ ఓడలో రాగలిగే సైప్రస్ దీవిలో రిజిస్టర్ పెళ్ళికి గుట్టుగా ఏర్పాట్లు చేసుకున్నాం. నాకింకా పెళ్ళి కాలేదని రక్తసంబంధీకులెవరైనా నోటరీ ముందు ప్రమాణం చెయ్యాలన్నారు అక్కడి రిజిస్టర్ ఆఫీసువాళ్ళు. గ్రీన్ కార్డుకని అబద్ధం చెప్పి అన్నయ్యని తీసుకెళ్ళాను.

అన్నయ్య కాగితం చదవకుండానే ప్రమాణానికి కుడిచెయ్యి ఎత్తాడు. నోటరీ ఆవిడ మాత్రం పైకి చదవసాగింది. "సైప్రస్‌లో పెళ్ళి కోసం" అన్న మాట వినగానే అన్నయ్య చేతికేసి చూశాను. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది.

అన్నయ్య నావైపు చూడకుండా తెలుగులో అడిగాడు. "పెళ్ళి కాలేదన్నదైనా నిజమేనా?"

"నిజమే అన్నయ్యా."

సంతకం పెట్టాడు. ఇంట్లోంచి పొమ్మంటాడనే అనుకున్నాను. ఇంటిముందు కారాపి, "అక్కడ సాక్షి ఎవరు?" అన్నాడు.

"ఆఫీసువాళ్ళే ఎవరో పెడతారట."

"ఎవరో ఎందుకు? నాకూ టికెట్ బుక్ చెయ్యి."

నా పెళ్ళి కాగితం మీద సాక్షిగా అన్నయ్య సంతకం ఉంది. అయినా, నన్ను నమ్మి చదవకుండా ఎత్తిన ఆ చెయ్యి గుర్తొస్తే ఇప్పటికీ తలెత్తలేను.