పెట్టెల మేస్త్రి చేసిన పరీక్ష బల్ల

ఆ వీధిలో పెట్టెల మేస్త్రిని ఎరగనివాళ్ళు లేరు. ఆయన ఎదురొస్తుంటే పక్క సందులోకి తిరగనివాళ్ళూ పెద్దగా లేరు. ముప్పై రెండేళ్ళుగా శవపేటికలు చేస్తున్న వడ్రంగి ఆయన. పని అలాంటిది గాని మనిషి మాత్రం మహా సరదా మనిషి. ఆయన నవ్వితే దుకాణం రేకులు అదిరేవి. చిక్కల్లా ఆయన కళ్ళతోనే వచ్చింది. ఎవరితో మాట్లాడుతున్నా ఆ కళ్ళు తల దగ్గర మొదలై పాదాల దాకా దిగి, మళ్ళీ పైకెక్కేవి. కావాలని చేసేది కాదు, కొలత అలవాటు. “బాగున్నారా?” అని ఆయన పలకరిస్తే జనం “బాగున్నామండీ, చాలా బాగున్నాం, ఇప్పట్లో మాకేమీ లేదు” అని గబగబా చెప్పి తప్పుకునేవారు.

మంచాలూ బల్లలూ చేయగలడు. చేయించుకునేవాళ్ళేరీ? “ఆయన చేతి మంచం మీద పడుకుంటే నిద్రపడుతుందిట్రా, అదే భయం!” అని వీధంతా వేళాకోళం.

అలాంటి మనిషి దుకాణం ముందు ఒక ఉదయం పొడుగు బ్రదర్ వచ్చి నిలబడ్డాడు. సముద్రం దాటి వచ్చిన క్రైస్తవ సేవా బృందానికి ఆయన పెద్ద. పన్నెండు మంది వలంటీర్లు, చర్చి వెనక మూతబడిన అచ్చాఫీసును తుడిచి, కడిగి, సున్నం కొట్టి ఆస్పత్రిగా మారుస్తున్నారు. పొడుగు బ్రదర్ ఆరడుగుల నాలుగంగుళాలు ఉంటాడు. మేస్త్రి కళ్ళకు ఆయన్ని కొలవడానికి మామూలు కంటే కాస్త ఎక్కువసేపే పట్టింది. పక్కనే పాస్టరమ్మ ఉంది. బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఆవిడ, బృందానికి నోరూ చెవులూ అన్నీ ఆవిడే.

“వాళ్ళు తెచ్చుకున్న మడత మంచం విమానాశ్రయంలో ఎక్కడో చిక్కుకుపోయిందట మేస్త్రీ. డాక్టరమ్మ రోగుల్ని పడుకోబెట్టి చూడటానికి బల్ల కావాలట. నువ్వు చేస్తావా అని అడుగుతున్నాడు,” అంది పాస్టరమ్మ. ఆ చివరి మాట అనేటప్పుడు ఆవిడ గొంతులో కాస్త సందేహం వినిపించింది.

“బల్లా? నన్నా?” అన్నాడు మేస్త్రి.

“జారిపడకుండా చుట్టూ అంచు ఉండాలట. ఈ గదిలోంచి ఆ గదిలోకి మోసుకెళ్ళడానికి పిడులుండాలట. మెత్తగా ఉండాలట. శనివారం ప్రారంభం.”

మేస్త్రికి కాళ్ళు నేల మీద నిలవలేదు. చేతిలో సుత్తి ఉందన్న సంగతి మరిచిపోయి దాంతోనే దండం పెట్టాడు. పొడుగు బ్రదర్ రెండడుగులు వెనక్కి వేశాడు. తన చేతి పని మీద పడుకున్న మనిషి మళ్ళీ లేచి ఇంటికి నడిచి వెళ్తాడు! ఇంతకంటే ఏం కావాలి వడ్రంగికి?

అయితే ఆ సంబరం వెనక ఇంకో సంగతి ఉంది. మేస్త్రి భార్యకు రెండేళ్ళుగా కుడి డొక్కలో నొప్పి. తిన్న గంటకు పట్టుకునేది, పట్టుకుంటే వంగిపోయేది. “గ్యాసులే” అని తోసేసేది. పెద్దాసుపత్రిలో ఉన్నది మగ డాక్టరు. మగవాడికి పొట్ట చూపించే ప్రసక్తే లేదని ఆవిడ మొండికేసింది. ఆ రెండేళ్ళలో ఆవిడ చిక్కిపోయింది. లోకాన్నంతా తల నుంచి పాదాల దాకా చూసే ఆ కళ్ళు ఇంట్లో మాత్రం ఆవిడ ముఖం దాటి కిందికి దిగడం మానేశాయి. పొరపాటున ఒక కొలత మనసులో పడిపోతుందేమోనని ఆయనకు భయం.

ఇప్పుడొచ్చిన డాక్టరమ్మ సరిగ్గా పొట్ట జబ్బుల డాక్టరమ్మ. పొట్టలోపల చూసే స్కానింగు మిషను పెట్టెలో పెట్టుకుని మరీ వచ్చింది. కాని ఆవిడ ఉండేది శనివారం ఒక్కరోజే. సాయంత్రం ఐదింటికి వ్యానెక్కి వెళ్ళిపోతుంది. తరవాత ఆస్పత్రి నడిపేది మళ్ళీ మగ డాక్టరే.

“ఇదిగో, పరీక్ష బల్ల నేనే చేస్తున్నా. దాని మీద పడుకుని చూపించుకుంటావా లేదా?” అని భార్యను నిలదీశాడు.

ఆవిడ ఆయన ముఖం వంక చూసింది. అంత సంతోషాన్ని ఆ ముఖంలో చూసి ఎన్నాళ్ళయిందో. “సరేలేవయ్యా, నువ్వు చేసిన బల్ల కదా, పడుకుంటాలే,” అంది.

ఇక చూడండి మేస్త్రి హడావుడి! మంచి పలకలు ఏరాడు, చిత్రిక పట్టాడు, పాడుకున్నాడు, ఈల వేశాడు. మనసు ఆకాశంలో ఎక్కడో తిరుగుతోంది. చేతులు మాత్రం దుకాణంలోనే ఉన్నాయి, ముప్పై రెండేళ్ళుగా చేసిందే చేస్తున్నాయి. భుజాల దగ్గర వెడల్పు పెట్టాయి, పాదాల వైపు సన్నం చేశాయి. అంచు అన్నారు కదా, చుట్టూ ఐదంగుళాల పలకలు బిగించాయి. పిడులన్నారు కదా, అటు మూడూ ఇటు మూడూ ఇత్తడి పిడులు వేశాయి. మెత్తగా అన్నారు కదా, లోపల దూది పరిచి, పైన తెల్లటి పట్టుగుడ్డ కుచ్చులు కుచ్చులుగా కొట్టాయి. ముదురు గోధుమరంగు పాలిషు పెట్టాయి. కింద నాలుగు కాళ్ళు తగిలించాయి. అలవాటులో పొరపాటు అంటారే, దానికి కాళ్ళొస్తే ఎలా ఉంటుందో అలా ఉంది అది. మూత ఒక్కటే తక్కువ.

మేస్త్రి దూరంగా నిలబడి చూసుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఎంత బాగుంది!

బృందమంతా చప్పట్లు కొట్టింది. వాళ్ళ వైపు శవపేటికలు తల నుంచి పాదాల దాకా ఒకే వెడల్పుతో, తెల్లగా ఉంటాయట. అందుకని వాళ్ళకు అందులో పనితనం తప్ప మరేమీ కనిపించలేదు. “ఇక్కడి కళ ఎంత గొప్పది!” అని పొడుగు బ్రదర్ కుచ్చుల్ని నిమిరి చూశాడు. పాస్టరమ్మ మాత్రం, వాళ్ళే ఇలా చెప్పి చేయించారేమో, పైదేశాల్లో ఇదే పద్ధతేమో అనుకుని కిక్కురుమనకుండా ఊరుకుంది. వాళ్ళేమో ఇక్కడి పద్ధతి ఇదే అనుకున్నారు. అడిగితే ఏమనుకుంటారో అని ఎవరూ ఎవరినీ అడగలేదు.

శనివారం వచ్చింది. బెలూన్లు కట్టారు. రిబ్బను కత్తిరించారు. గిటారు వాయిస్తూ పాటలు పాడారు. వలంటీర్లలో ఒకమ్మాయి సంతోషం పట్టలేక సున్నం బక్కెట్టులో కాలు పెట్టేసింది. గుమ్మం బయటి దాకా వరస. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళివారి పెద్దలా అందరికీ వందనాలు పెడుతూ తిరిగాడు.

మొదట నడుంనొప్పితో కుట్టుమిషనామె వంగి వంగి పరీక్ష గదిలోకి వెళ్ళింది. తలుపు పడింది. మూడు క్షణాల్లో తలుపు తెరుచుకుంది. నిటారుగా బయటికొచ్చింది.

“తగ్గిపోయిందండీ!” అని గుమ్మం దాటింది.

తరవాత మోకాళ్ళ నొప్పుల బస్సు డ్రైవరు కర్ర పట్టుకుని వెళ్ళాడు. కర్ర చంకలో పెట్టుకుని దాదాపు పరుగున వచ్చాడు. “హాయిగా ఉందండీ, దేవునికి స్తోత్రం!” తరవాత ఆయాసం ముసలాయన. ఆయన ఆయాసపడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఒకరి వెనక ఒకరు అలా పదకొండుమంది గదిలోకి వెళ్ళడం, తెల్ల కుచ్చుల వంక చూడటం, ఆరోగ్యవంతులై బయటపడటం!

పొడుగు బ్రదర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పుస్తకంలో ‘నయమైనవారు పదకొండుమంది’ అని రాయించాడు. వలంటీర్లు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. గిటారు మళ్ళీ మొదలైంది. డాక్టరమ్మ ఒక్కతే మెడలో స్టెతస్కోపు పట్టుకుని నిలబడి, “నేనింకా చెయ్యి కూడా వెయ్యలేదే!” అంది. ఆ మాటను పాస్టరమ్మ ఎవరికీ తెలుగులో చెప్పలేదు.

మేస్త్రి మాత్రం ఉబ్బి తబ్బిబ్బయిపోయాడు. తన బల్ల చూస్తేనే జబ్బులు పారిపోతున్నాయి! “వెళ్ళవే, నీ వంతే,” అని భార్యను మెల్లగా తోశాడు.

ఆవిడ లోపలికి వెళ్ళింది. మూడు క్షణాలు గడిచాయి. ఆవిడా బయటికొచ్చింది. ఆవిడ మాత్రం “తగ్గిపోయింది” అనలేదు. ముఖం పాలిపోయింది.

“ఏమయ్యా, నువ్వేం చేశావో చూసుకున్నావా అసలు?” అంది.

“ఏం చేశాను? బల్ల చేశాను.”

“బల్లా అది? బతికుండగా నీ పెట్టెలో పడుకోమంటావా నన్ను?”

మేస్త్రి లోపలికి పరుగెత్తాడు. దుకాణంలో అన్నదమ్ముల్లాంటి పది పెట్టెల మధ్య అది బల్లలాగే కనిపించింది. ఇక్కడ, తెల్లటి సున్నం గోడల మధ్య, ఒంటరిగా, పిడులు మెరుస్తూ... అచ్చం శవపేటిక! ఆయన తల పట్టుకుని కింద చతికిలబడ్డాడు. మరుక్షణమే ఆయనకు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. కుట్టుమిషనామె నిటారుగా నడిచిన నడక గుర్తొచ్చింది. ఇక ఆగలేదు. గది అదిరేలా నవ్వాడు. నవ్వుతూనే, “పాస్టరమ్మగారూ, చెప్పెయ్యండి వీళ్ళకి. నేను చేసింది శవపేటిక. జనం జడుసుకుని పారిపోయారు. నయమూ లేదు, గియమూ లేదు!” అన్నాడు.

పాస్టరమ్మ చెప్పింది. గిటారు ఆగింది. పొడుగు బ్రదర్ ఒకసారి బల్ల వంక, ఒకసారి పుస్తకం వంక చూశాడు. ముందు నవ్వింది డాక్టరమ్మే. గోడకు ఆనుకుని, కళ్ళద్దాలు తీసి, కడుపు పట్టుకుని నవ్వింది. ఆ తరవాత పొడుగు బ్రదర్ పదకొండుని కొట్టేసి సున్నా చుట్టి, ఆయనా నవ్వాడు. ఇంకేముంది, గదంతా గొల్లుమంది.

మేస్త్రి భార్య ఒక్కతే నవ్వలేదు. చెప్పులేసుకుంటోంది.

“ఎక్కడికే?” అన్నాడు మేస్త్రి. నవ్వు చప్పున ఆరిపోయింది.

“ఇంటికి. ఇంకోసారి చూసుకుందాంలే.”

ఇంకోసారి ఎక్కడుంది? గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. నేల మీద చూద్దామంటే డాక్టరమ్మ మోకాళ్ళు వంగవు. బయటి బెంచీలు జానెడు వెడల్పు. రంపంతో కోసి సరిచేద్దామంటే, పాదాల వైపున్న వెడల్పుకు కోస్తే సగం మనిషే పడతాడు. ఆయన గదంతా పిచ్చి చూపులు చూశాడు. ఆ చూపు వెళ్ళి తలుపు మీద పడింది. కొత్త తలుపు. పై నుంచి కింది దాకా ఒకే వెడల్పు. ఆరున్నర అడుగులు!

ఆలస్యం అమృతం విషం. జేబులోంచి స్క్రూడ్రైవరు లాగాడు. ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచాడు. మడతబందులు ఊడదీస్తుంటే పొడుగు బ్రదర్ సంగతి గ్రహించి తలుపును రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. ఆయన పొడుగు అప్పుడు పనికొచ్చింది. వలంటీర్లు పెట్టెను కాళ్ళ మీద నుంచి విప్పి, ఆ ఇత్తడి పిడులు పట్టుకునే వీధిలోకి మోసుకెళ్ళారు. ఎదురొచ్చిన సైకిలు మనిషి దిగి, టోపీ తీసి, పాపం ఎవరో అని నిలబడ్డాడు. లోపల తలుపు కాళ్ళెక్కింది. పైన మడిచిన దుప్పట్లు పరిచారు. నాలుగూ ముప్పై అయిదు.

“ఇదిగో, ఇప్పుడిది తలుపు. నన్ను నమ్మకపోయినా తలుపును నమ్ము,” అన్నాడు మేస్త్రి.

ఆవిడ ఖాళీ గుమ్మం వంక చూసింది. “మరి గుమ్మానికి తలుపేది? వీధంతా చూస్తుంటే పడుకోనా?”

నిజమే కదా. మేస్త్రి ఒక దుప్పటి లాక్కుని, గుమ్మంలో వీధి వైపు తిరిగి, చేతులు బారజాపి దుప్పటిని పైకి పట్టుకుని నిలబడ్డాడు. “నేనే తలుపుని. ఇప్పుడేమంటావు?”

వెనక చెప్పులు విడిచిన చప్పుడైంది. పలక కిర్రుమంది. పడుకుంది.

ఎదురుగా వరసలో జనం, వాళ్ళ వెనక బెలూన్లు. మేస్త్రికి ఏవీ కనిపించడం లేదు. చెవులన్నీ వెనకే ఉన్నాయి. మిషను సన్నగా రొద చేసింది. డాక్టరమ్మ ఏదో అంది. మిషను రొద మాత్రం ఆగలేదు. దుప్పటి కిందికి జారుతోంది. “పైకి పట్టు మేస్త్రీ,” అని బస్సు డ్రైవరు, ఎప్పుడు తిరిగొచ్చాడో, ఒక కొస అందుకున్నాడు. జీవితంలో మొదటిసారి భయమేసినప్పుడు మేస్త్రికి నవ్వు రాలేదు, ప్రార్థన వచ్చింది. అదీ సగమే వచ్చింది.

అప్పుడు పాస్టరమ్మ గొంతు వినిపించింది. “పిత్తాశయంలో రాళ్ళట మేస్త్రీ. రాళ్ళంతే. చిన్న ఆపరేషనుతో పోతాయట, లేడీ డాక్టరు ఉన్న చోటికి ఉత్తరం రాసిస్తుందట. ఇంకే భయమూ లేదట. వింటున్నావా? ఏ భయమూ లేదట!”

వరసలో జనం హోరుమన్నారు. తిరిగొచ్చి వరసలో నిలబడ్డ కుట్టుమిషనామె నడుం పట్టుకునే ఈల వేసింది. మేస్త్రి కళ్ళ నీళ్ళు ఇస్త్రీ చొక్కా మీద పడుతున్నాయి, తుడుచుకుందామంటే రెండు చేతులా దుప్పటి.

వెనక పలక మళ్ళీ కిర్రుమంది. ఆవిడ లేచింది.

“ఏమయ్యా! ఇంత ఎత్తు పెడతారా ఎవరన్నా? కాలు నేలకందితే ఒట్టు. ముసలివాళ్ళెలా దిగుతారు? ఆ తలుపు గొళ్ళెమన్నా తీయలేదు, వీపులో గుచ్చుకుంటోంది. దిండేది?” ఆవిడ చీర సర్దుకుని ఆయన పక్కకొచ్చి నిలబడింది. “వినబడుతోందా? మెడ కింద ఏమీ లేకుండా ఎంతసేపు పడుకుంటారు మనుషులు?”

ఇన్నేళ్ళలో ఆయన చేసిన పనిలో పడుకున్నవాళ్ళెవరూ లేచొచ్చి ఆయన్ని ఒక్క మాట అనలేదు. మేస్త్రి దుప్పటి వదిలేశాడు.

“చెప్పవే,” అన్నాడు. “ఇంకా ఏమేం బాగాలేదో అన్నీ చెప్పు.”